ఆరోగ్య శాఖ మంత్రి గారూ, ఈ రాత్రి లెన్సుల షాపుల్ని చూసేది ఎవరు?

తెలంగాణ ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

రాత్రి లెన్సులతో మా పాప కన్ను పాడైందని ప్రజావాణిలో ఇచ్చిన అర్జీలు మీదాకా వచ్చాయో లేదో తెలీదు సార్, ఒక ఆఫీసులో ఇది ఆప్టికల్ షాపు సంగతి మాది కాదన్నారు, వాళ్లు పంపిన చోట మందుల్లో తేడా ఉంటేనే రండమ్మా అన్నారు, రశీదు మాత్రం అందరూ ఇచ్చారు, ఆ విషయంలో వంక పెట్టలేం.

ఈ రాత్రి లెన్సుల్నే ఆర్థో-కె లెన్సులంటారు, రాత్రి పెట్టుకుని పడుకుంటే నల్లగుడ్డు ఆకారాన్ని కాస్త మార్చి పగలు అద్దాలు లేకుండా కనపడేలా చేస్తాయి, మీకు చెప్పక్కర్లేదు. పిల్లల్లో సైట్ పెరగడం నెమ్మదిస్తుందన్నది నిజమే, అమెరికాలో 2002లోనే రాత్రిళ్లు పెట్టుకోడానికి పర్మిషన్ ఇచ్చారు. లెన్స్ మీద నాకేం కోపం లేదు, అమ్మే పద్ధతి మీదే. ఇంటర్ చదివే మా పాపకి షాపువాళ్లు 40 వేలు తీసుకుని పవర్ చూసి లెన్సులు తెప్పించి చేతిలో పెట్టారు, కార్నియా, అదే నల్లగుడ్డు పైపొర, మ్యాప్ తీసే మెషిన్ అక్కడ లేనే లేదు, తెల్లారి వచ్చి చూపించుకోవాలని గానీ నల్లా నీళ్లు తగలనివ్వొద్దని గానీ ఒక్క మాట చెప్పలేదు. పిల్ల హాస్టల్లో కుళాయి కిందే కడుక్కుంది. కన్ను ఎర్రబడి వెలుతురు చూడలేకపోతుంటే ఫోన్ చేశాం, అలవాటయ్యేదాకా అంతే మేడమ్ అన్నారు.

హైదరాబాద్ తీసుకెళ్తే నల్లగుడ్డు మీద పుండు అన్నారు, గీకి టెస్టుకి పంపితే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా అని వచ్చింది. గంటగంటకీ చుక్కలు, రాత్రి కూడా. అలారం మోగగానే ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, నిద్రలో ఉన్న పిల్ల రెప్ప బొటనవేలితో పైకెత్తి వేస్తే ఆ చల్లదనానికి ఉలిక్కిపడి నీళ్లు కారిపోయేవి, మందు కూడా పోయేది, మళ్లీ వేయాలి, నన్ను తిట్టేది, ఏడ్చేది. పుండు మానింది, సరిగ్గా మధ్యలో పువ్వు మిగిలింది. ఇప్పుడు అద్దాలు పెట్టినా ఆ కంటికి బోర్డు మీద అక్షరాలు అలికినట్టే ఉంటాయట.

కంటి వెలుగులో ఊరూరా టెంట్లేసి అద్దాలు పంచారు, మంచిదే. పోయిన గవర్నమెంటు స్కీం అంటారేమో, సరే, మీరు అద్దాలు కూడా పంచక్కర్లేదు, అద్దాలొద్దు లెన్సులు కొనండని పిల్లలకి అంటగట్టేవాళ్లని ఒక్కసారి చూడండి చాలు. కాంటాక్ట్ లెన్సులు మెడికల్ డివైసుల కిందకి వస్తాయి, 2017 రూల్స్ ఉన్నాయి, కళ్ల పవర్ చూసే ఆప్టోమెట్రిస్టులు కూడా కిందకి వచ్చే చట్టం 2021లో వచ్చింది, అన్నీ ఉన్నాయి, మా ఊరి షాపులోకి తొంగిచూసే మనిషే లేడు. చైనాలో 2000 ప్రాంతంలో ఇలాగే ఎవడుపడితే వాడు అమ్మి పిల్లల కళ్లు పాడయ్యాకే అక్కడి గవర్నమెంటు కళ్లు తెరిచింది, మనమూ అన్ని కళ్లు పోయేదాకా ఆగాలా?

ఆ కార్నియా మ్యాప్ మెషిన్ లేనిచోట, కళ్ల డాక్టరు చూడకుండా పిల్లలకి ఇవి అమ్మొద్దని ఒక ఆర్డర్ ఇవ్వండి సార్, దండం పెడతా. అది కూడా కుదరదంటే కనీసం ఏ ఆఫీసులో అడగాలో చెప్పండి. మీ పేషీ నుంచి ఎవరు ఫోన్ చేసినా రశీదు నంబర్లన్నీ చదివి వినిపిస్తా.

ఇట్లు
ఒక ఇంటర్ అమ్మాయి తల్లి