ఈ వారం వినవలసిన డెట్రాయిట్ టెక్నో రికార్డులు

సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం మనం వినడానికి టెక్నో, అంటే యంత్రాలతో చేసే ఎలక్ట్రానిక్ నృత్య సంగీతంలో, అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే లేబుల్ (రికార్డులు విడుదల చేసే సంస్థ) విడుదలలను ఎంచుకున్నాను. కార్ల పరిశ్రమ దెబ్బతిని ఉపాధి కరువైన అమెరికా నగరం డెట్రాయిట్‌లో సంగీతకారులు మైక్ బ్యాంక్స్, జెఫ్ మిల్స్ నెలకొల్పిన ఈ లేబుల్‌లో కొద్దికాలానికే రాబర్ట్ హుడ్ కూడా చేరారు. పెద్ద కంపెనీల అదుపులో పడకుండా తమ సంగీతాన్ని తామే రికార్డులుగా వేసుకుని అమ్ముకోవాలన్నది వారి పట్టుదల.

ముగ్గురూ కలిసి ఎక్స్-101 పేరుతో చేసిన ఆల్బమ్‌ను 1991లో బెర్లిన్‌లోని ట్రెసర్ అనే లేబుల్ తన తొలి విడుదలగా తెచ్చింది. ఇది కాస్త కఠినంగా ఉంటుంది కనుక, ఈ సంగీతానికి కొత్తవారు 1993లో వచ్చిన గెలాక్సీ 2 గెలాక్సీ అనే రికార్డుతో మొదలుపెట్టడం మంచిది. అందులోని కీబోర్డు స్వరాల్లో జాజ్ పరిమళం స్పష్టంగా తెలుస్తుంది.

నా మనసుకు అన్నిటికంటే దగ్గరైనది డ్రెక్సియా. జేమ్స్ స్టిన్సన్, జెరాల్డ్ డొనాల్డ్ కలిసి నడిపిన ఈ జంట, బానిస ఓడల నుంచి అట్లాంటిక్‌లోకి విసిరేసిన ఆఫ్రికన్ గర్భిణుల బిడ్డలు నీటి అడుగునే ఊపిరి పీల్చుకుంటూ ఒక జాతిగా ఎదిగారన్న కథను కల్పించి, మాటలు దాదాపు లేని సంగీతంలోనే ఆ లోకాన్ని నిర్మించింది. అంత ఘోరమైన చరిత్రకు ఇంత గౌరవంగా బదులిచ్చిన నృత్య సంగీతం నాకు మరొకటి తెలియదు. ఈ లేబుల్ ద్వారా 1995లో వచ్చిన వారి రికార్డు ఆక్వాటిక్ ఇన్వేజన్‌ను తప్పక వినండి.

ఫోన్ స్పీకరులో బేస్ పూర్తిగా వినిపించదు కనుక దయచేసి మంచి హెడ్‌ఫోన్లు వాడండి. మీ అభిప్రాయాలను ఆదివారం సాయంత్రంలోగా ఇక్కడే రాయగలరు.