గట్టుకి అవతల ఊరు

సింగపూర్,
ఆదివారం రాత్రి

నాన్నకి నమస్కారాలు.

మొన్న ఫోన్లో "క్షవరానికి కూడా పక్క దేశం వెళ్తావేట్రా?" అని నవ్వావు. అదంతా ఫోన్లో చెబితే తెమలదని రాస్తున్నాను.

ఇక్కడ జుట్టు కత్తిరిస్తే పన్నెండు డాలర్లు. అవతల మలేసియాలో, జొహోర్ బారులో, పదిహేను రింగిట్లు. డాలరుకి మూడు రింగిట్ల పైనే వస్తాయి కాబట్టి అయిదు డాలర్లు కూడా అవదు, పైగా నూనె పెట్టి తల మర్దనా చేస్తాడు. 1973 దాకా ఈ రెండు దేశాల డబ్బూ సమానంగా చెల్లేవట! మనకి వీసా అక్కర్లేదని 2023 డిసెంబరు నుంచి మలేసియా వాళ్లు తలుపు తీశారు, అప్పట్నించీ నా తల అక్కడే.

మధ్యలో ఉన్నది వంతెన అనుకుంటున్నావు కదా. కాదు. మన చెరువుగట్టు లాంటిదే, సముద్రపాయలో రాళ్లు పోసి కట్టారు. కిలోమీటరు పైచిలుకు, 1924లో తెల్లవాళ్లు తెరిచారు. దాని పక్కనే లావుపాటి నీళ్ల గొట్టాలు పోతుంటాయి. జొహోర్ నది నీళ్లు సింగపూరుకి వెయ్యి గ్యాలన్లు మూడు సెన్లకి, అంటే వాళ్ల మూడు పైసలకి, ఇవ్వాలని 1962లో రాసుకున్నారు. 2061 దాకా అదే లెక్క. అందులో కొంత శుద్ధి చేసి తిరిగి జొహోరుకే యాభై సెన్లకి అమ్ముతారు. ఆ మాట ఎత్తితే అవతలి వాళ్లకి మండుతుంది. వంశధార నీళ్ల తగువు చూసినవాడివి, నీకు వేరే చెప్పాలా?

సింగపూర్, మలేసియా రెండూ ఒకే దేశంగా కలిసున్నది రెండేళ్లే. 1965 ఆగస్టు 9న విడిపోయినప్పుడు ఇక్కడి ప్రధాని లీ క్వాన్ యూ టీవీలో అందరి ముందూ ఏడ్చాడు. విడిపోయినా సింగపూర్ జాతీయగీతం మాత్రం ఇప్పటికీ మలయ్ భాషలోనే ఉంది. ఇక్కడ రోటీ ప్రాటా అనేదాన్ని అవతల రోటీ చనాయ్ అంటారు. అదే పిండి, అలాగే గాల్లోకి విసిరి పల్చన చేస్తారు, అదే పప్పు పులుసు. ఎవరిది అసలుదని అడిగామంటే మా యార్డులో పని ఆగిపోతుంది. నా పక్కన వెల్డింగు చేసే మలేసియా అతను రోజూ నాలుగింటికే లేచి మోటారుసైకిలు మీద గట్టు దాటి వస్తాడు. జీతం ఈ డాలర్లలో, ఇల్లు ఆ రింగిట్లలో. తెలివైన బతుకే, నిద్ర మాత్రం లేదు.

నిన్న నేను 170 నంబరు బస్సెక్కాను. ఇవతల దిగి పాస్‌పోర్టు చూపించి మళ్లీ ఎక్కాలి, గట్టు దాటాక మళ్లీ దిగి వాళ్లకీ చూపించాలి. శనివారం కదా, ఆ కిలోమీటరుకి గంటన్నర పట్టింది. సగంలో జనం దిగిపోయి నడక మొదలెట్టారు. నేను మొండిగా కూర్చున్నాను, వాళ్లే ముందు చేరారు.

క్షవరం అయ్యాక గాజు గుడికి వెళ్లాను. గోడలు, స్తంభాలు, పైకప్పు అంతా గాజుముక్కలే, అమ్మవారు కాళి. మెట్ల మీద ఫోన్లో అమ్మతో మాట్లాడుతుంటే వెనకనుంచి ఎవరో "మీదే ఊరు బాబూ? బువ్వ తిన్నావా?" అన్నారు. డెబ్బై దాటిన మామ్మ. అచ్చం మన యాస! శ్రీకాకుళం ఎన్నడూ చూడలేదట. వాళ్ల నాన్న అక్కణ్నించి మలేసియాలోనే పెరాక్ అనే రాష్ట్రంలో బగాన్ దాతో అనే చోట కొబ్బరి తోటల్లో పనికి వచ్చాడట. మనవలకి మలయ్, తమిళం వచ్చు, తెలుగు అర్థమవుతుందంతే. ఊరి పేరు మాత్రం నాన్న చెప్పలేదంది. "పలాసకాడ ఏదో" అంది. చేతిలో అరటిపండు పెట్టి నన్ను చాలాసేపు వదల్లేదు.

తాత తమ్ముడొకరు మలయా వెళ్లి మళ్లీ ఉత్తరం ముక్క రాయలేదని చెప్పేవాడివి కదా. ఆయన పేరు, ఏ తోటకి వెళ్లాడో పెద్దత్తని అడిగి రాయి. వచ్చే నెల జుట్టు పెరగ్గానే మళ్లీ వెళ్తాను. ఆ మామ్మ శనివారాలు గుడికి వస్తుందట.

నీ కొడుకు