గైడులో లేని ప్రశ్న

సంపాదకుడు గారికి నమస్కారం.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి చదువుతోంది. ఈ మధ్య పరీక్షకు ముందు రోజు ‘పసుపు కాగితం క్షార ద్రావణంలో ఎరుపు రంగుకు మారును’ అని పదిసార్లు పైకి చదువుకుంది. వంటింట్లోంచి విని ‘ఎందుకు మారుతుందే?’ అని అడిగాను. ‘గైడులో అంతే ఉందమ్మా’ అంది. ఇదే పిల్ల మొన్న వాళ్ల పిన్ని పెళ్లిలో పళ్లెంలో ఎర్రనీళ్లు తన చేత్తోనే కలిపింది. పారాణీ తనే కలిపింది. పసుపులో చిటికెడు సున్నం పడితే ఎర్రబడుతుందని దానికి చిన్నప్పటి నుంచీ తెలుసు. పాఠంలోని క్షారమూ, తమలపాకుకు రాసే సున్నమూ ఒకటేనని మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ రాత్రి పుస్తకం మూయించి ఇద్దరం ఎర్రనీళ్లు కలిపాం. నిమ్మకాయ పిండితే నీళ్లు మళ్లీ పసుపుపచ్చగా అయ్యాయి. సున్నపు తేట వేస్తే మళ్లీ ఎరుపు. ఇక అది ఆగలేదు. పాత తెల్ల గుడ్డకు పసుపు పట్టించి మజ్జిగ, చింతపండు పులుసు, ఒంటి సబ్బు, షాంపూ అన్నీ ఒక్కో చుక్క వేసి చూసింది. సబ్బు నురగకు ఎర్రబడిన గుడ్డ షాంపూకు ఎందుకు మారలేదని అడిగింది. గైడులో ఆ ప్రశ్నే లేదు. రెండూ నురగ వచ్చేవే అయినా సబ్బు క్షారం, చాలా షాంపూలు కాస్త ఆమ్ల గుణంతో ఉంటాయని అప్పుడు వెతికి తెలుసుకున్నాం. ఆమ్లం, క్షారం కలిసి ఒకదాని గుణం ఒకటి పోగొట్టుకోవడమే తటస్థీకరణ. ఆ మాట ఆ తర్వాత దానికి బట్టీ పట్టే పని పడలేదు.

ఈ లేఖ రాయడానికి కారణం అదే. మా అమ్మాయి బడిలో సైన్స్ ల్యాబ్ ఉంది, దానికి తాళం ఉంది. తనిఖీకి ఎవరైనా వచ్చినప్పుడు తీస్తారు. మిగతా రోజుల్లో ప్రయోగాలు డిజిటల్ తెర మీద వీడియోలో చూపిస్తారు. వీడియోలో ప్రయోగం ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది కాబట్టి పిల్లలకు అడగడానికి ఏమీ మిగలదు. నేను టీచర్లను తప్పుపట్టడం లేదు. సిలబస్, స్లిప్ టెస్టులు, ఆన్‌లైన్ నమోదులు, వీటి మధ్య వాళ్లకు ఊపిరి ఆడటం లేదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో పిల్ల ఒక్క ప్రయోగమైనా చేసి చూపించాల్సిన అవసరం లేనప్పుడు ఆ తాళం ఎవరు తీస్తారు? ప్రాజెక్టు పనుల సంగతి తల్లిదండ్రులందరికీ తెలుసు. స్టేషనరీ షాపులో కొన్న థర్మోకోల్ అగ్నిపర్వతం, దాని మీద పిల్ల పేరు.

ఖర్చు అవుతుందన్న మాట నేను ఒప్పుకోను. ఒక్క కర్రతో ఎంత సైన్స్ చెప్పొచ్చో చూడండి. మన ప్రాంతంలో ఏడాదికి రెండు రోజులు మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిటారుగా పాతిన కర్రకు ఆ నిమిషంలో పక్కకు నీడ పడదు. మొదటిది ఊరిని బట్టి ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో, సెలవుల్లో పోతుంది. రెండోది బడులు నడిచే రోజుల్లోనే వస్తుంది. ఆదిలాబాద్‌లో జులై 25 ప్రాంతంలో, హైదరాబాద్‌లో ఆగస్టు 3న, మా ఖమ్మంలో ఆ మర్నాడు పన్నెండుంబావుకు, విజయవాడలో 6, 7 తేదీల్లో, తిరుపతిలో 16 ప్రాంతంలో. నీడ లేని రోజు ఇలా ఊరూరూ దాటుకుంటూ దక్షిణానికి దిగుతుంది.

ఇంకో విశేషం ఉంది. ఆదిలాబాద్, తిరుపతి దాదాపు ఒకే రేఖాంశం మీద ఉన్నాయి. తిరుపతిలో నీడ లేని రోజున ఆదిలాబాద్‌లో మీటరు కర్రకు సుమారు పదిన్నర సెంటీమీటర్ల నీడ పడుతుంది. కర్రనూ నీడనూ కాగితం మీద గీసి, రెండిటి కొసలూ కలిపి, కర్ర పైకొన దగ్గరి కోణాన్ని కోణమానినితో కొలిస్తే 6 డిగ్రీలు వస్తుంది. భూమి కేంద్రం దగ్గర రెండు ఊళ్ల మధ్య కోణమూ అంతే, అంటే పూర్తి వృత్తంలో అరవయ్యో వంతు. రెండు ఊళ్ల మధ్య ఉత్తర దక్షిణాలుగా దూరం సుమారు 670 కిలోమీటర్లు. అరవైతో గుణిస్తే 40,200. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు! రెండు వేల రెండు వందల ఏళ్ల క్రితం ఈజిప్టులో గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ చేసిన లెక్క ఇదే. మన పిల్లలు రెండు బడుల మధ్య ఒక్క ఫోన్‌కాల్‌తో దీన్ని చేయగలరు. ఆగస్టులో మబ్బు పట్టొచ్చు. రెండు మూడు రోజులు అటూ ఇటూ ప్రయత్నిస్తే సరి.

ఇవి పుస్తకాల్లోనే బాగుంటాయని అనే వాళ్లకు హోషంగాబాద్ గుర్తు చేస్తాను. 1972లో మధ్యప్రదేశ్‌లోని ఆ జిల్లాలో 16 బడుల్లో ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ప్రయోగాల ద్వారా సైన్స్ చెప్పడం మొదలుపెట్టారు. పరీక్షకు పుస్తకం తెచ్చుకోనిచ్చారు, ప్రయోగ పరీక్ష కూడా పెట్టారు. ప్రభుత్వ బడుల్లోనే, మామూలు టీచర్లతోనే ముప్ఫై ఏళ్లు నడిపారు. 2002లో అక్కడి ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ఇప్పటికీ బాధ కలిగించే నిర్ణయం అది. ఆ పనిలో భాగంగానే, పనికిరాని వస్తువులతో బొమ్మలు చేసి సైన్స్ నేర్పే అరవింద్ గుప్తా అగ్గిపుల్లలను సైకిల్ వాల్వ్ ట్యూబు ముక్కలతో కలిపి ఆకృతులు నేర్పారు. ఆయన బొమ్మలు, పుస్తకాలు ఆయన వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. మన దగ్గర సైన్స్ ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక పిల్లల కోసం ‘చెకుముకి’ సైన్స్ పత్రిక తెస్తోంది. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ ల్యాబ్‌ను బండిలో పెట్టి పల్లె బడులకు తీసుకెళ్తోంది. చేసే దారి తెలియక ఆగిపోయిన పరిస్థితి కాదు మనది.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలను నేను అడిగేవి మూడే. ఆరు నుంచి పదో తరగతి వరకు వారానికి ఒకసారి రెండు పీరియడ్లు కలిపి ప్రయోగాలకే ఇవ్వండి, వాటిని వేరే సబ్జెక్టు లాక్కోకుండా చూడండి. సున్నం, నిమ్మకాయలు, బ్యాటరీలు, వైరు కొనడానికి సైన్స్ టీచరు చేతికి నెలనెలా కొంత డబ్బు ఇవ్వండి, బిల్లుల కోసం వేధించకండి. అన్నిటికంటే ముఖ్యంగా, పిల్ల తన చేత్తో చేసి, చూసింది చూసినట్టు రాసినందుకు పబ్లిక్ పరీక్షలో మార్కులు పెట్టండి. ప్రయోగం తప్పినా, ఎందుకు తప్పిందో రాస్తే ఆ మార్కులు ఇవ్వండి. ప్రైవేటు బడులకూ ఇదే నియమం ఉండాలి.

వచ్చే ఆగస్టు 4న మా వీధి పిల్లలతో మా ఇంటి డాబా మీద కర్ర పాతుతున్నాం. తిరుపతి వైపు నుంచి గానీ, ఆదిలాబాద్ వైపు నుంచి గానీ ఏ బడి అయినా అలా కొలిస్తే, ఆ అంకెలు మీ పత్రికలో వేయమని కోరుతున్నాను.

– ఎనిమిదో తరగతి విద్యార్థిని తల్లి, ఖమ్మం