మేకప్ రూమ్

మారతహళ్ళి, బెంగళూరు
ఆదివారం రాత్రి

ఒరేయ్ బుజ్జీ,

ఈ ముక్క ఫోన్లోనే చెప్పొచ్చు. కానీ ఫోనైతే నువ్వు మధ్యలో జోకు వేస్తావు, నేను నవ్వేస్తాను, అసలు సంగతి అక్కడితో ఆగిపోతుంది. అందుకే ఇన్నేళ్ళ తర్వాత కాగితం, పెన్ను పట్టుకున్నా. చేతిరాత బాలేదని వెక్కిరించకు. చేతిరాత గురించి చివర్లో వేరే మాట ఉంది.

ఇక్కడ అందరం కులాసా. నీళ్ళ ట్యాంకర్ వాడితో గొడవ మామూలే. నువ్వు పంపిన మాగాయ జాడీ అడుగంటిందని మీ చెల్లెమ్మ చెప్పమంది, చెప్పేశాను.

సంగతి మా అమ్మాయి దగ్గర మొదలైంది. ఎనిమిదో క్లాసు కదా, స్కూల్లో సైన్స్ ఎగ్జిబిషన్. మిగతా పిల్లలు అగ్నిపర్వతం, సోలార్ సిస్టం అంటుంటే ఇది ఒక వీడియో పట్టుకొచ్చింది. అమెరికాలో అందాల పోటీ. టాలెంట్ రౌండ్లో పాడేవాళ్ళు పాడతారు, ఆడేవాళ్ళు ఆడతారు. ఈ అమ్మాయి తెల్లకోటు వేసుకుని వచ్చి ఫ్లాస్కుల్లో ఏదో పోసింది. రంగురంగుల నురగ బుస్సున పైకి లేచింది. పేరు కమీల్ ష్రయర్. 2019 డిసెంబరులో, ఆ నురగ తర్వాత, మిస్ అమెరికా 2020 కిరీటం ఆమెకే పెట్టారు. బయోకెమిస్ట్రీలో ఒకటి, సిస్టమ్స్ బయాలజీలో ఒకటి, అప్పటికే రెండు డిగ్రీలు. ఫార్మసీలో డాక్టరేట్ చదువుతూ పోటీకి వచ్చింది. "నాన్నా, నాకిదే కావాలి" అంది మాది. కిరీటమా, నురగా అని నేను అడగలేదు.

నువ్వు ఎరువుల కొట్లో కూర్చుని కెమిస్ట్రీ మర్చిపోయుంటావు, గుర్తుచేస్తా. హైడ్రోజన్ పెరాక్సైడ్ తనంతట తను మెల్లగా నీళ్ళూ ఆక్సిజనూ అయిపోతూ ఉంటుంది. పొటాషియం అయొడైడ్ తగిలిస్తే ఆ పని ఒక్క ఊపులో అవుతుంది. ముందే సబ్బు కలిపి ఉంచితే వచ్చిన ఆక్సిజనంతా బుడగల్లో చిక్కుకుని నురగవుతుంది. వేడి కూడా పుడుతుంది కాబట్టి పొగలు కక్కుతుంది. కమీల్ వాడింది గాఢమైన సరుకు, ఇంట్లో దాని జోలికి పోకూడదు. మందుల షాపులో దొరికే ఆరు శాతం సీసాలు తెచ్చాను. దాని మీద 20 వాల్యూమ్స్ అని ఉంటుంది చూడు, ఒక మిల్లీలీటరు నుంచి 20 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వస్తుందని. నాలుగు సీసాలు అడిగితే షాపతను "ఎవరికి సార్ చెవి నొప్పి, ఇంటిల్లిపాదికా?" అన్నాడు. అయొడైడ్ బదులు బ్రెడ్డుకి వాడే ఈస్ట్.

శనివారం పొద్దున వంటింట్లో తల్లీకూతుళ్ళ ముందు ప్రయోగం. కాళ్ళ కింద పాత న్యూస్‌పేపర్లు, కళ్ళకి మా ఫ్యాక్టరీ గాగుల్స్. ఈస్ట్ బాగా కరగాలని మా అమ్మాయి మరిగే నీళ్ళలో కలిపి పోసింది. నాలుగు బుడగలు వచ్చి ఊరుకున్నాయి. 20 ఏళ్ళకు పైగా మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్లో ఉన్నవాణ్ణి, హెచ్‌పీఎల్‌సీ (మందులో ఏది ఎంతుందో కొలిచే మెషీను) దగ్గర కుర్రాళ్ళకి క్లాసులు పీకేవాణ్ణి, ఎందుకు రాలేదో చెప్పలేక సీసా ఎక్స్‌పైరీ డేట్ చూస్తూ నిలబడ్డాను.

అదే రోజు ఐఐఎస్‌సీలో ఓపెన్ డే. పెద్ద సైన్స్ రీసెర్చ్ సంస్థ కదా, ఏడాదికి ఒకసారి గేట్లు తీసి ఊరందరినీ లోపలికి రానిస్తారు. (ఇక్కడి పాతవాళ్ళు దాన్ని ఇప్పటికీ టాటా ఇన్‌స్టిట్యూట్ అనే అంటారు.) దీని ఏడుపు ఆపడానికి తీసుకెళ్ళా. దారిలో చిన్నస్వామి స్టేడియం వచ్చింది. 1996 నవంబరులో మిస్ వరల్డ్ జరిగింది అక్కడేరా. మనం ఇంటర్ సెకండియర్. సంస్కృతి పాడవుతుందని కొందరు, ఆడవాళ్ళని సరుకుగా చూస్తున్నారని మహిళా సంఘాలవాళ్ళు, ఊరంతా ధర్నాలు. చివరికి ఈత దుస్తుల రౌండ్ సీషెల్స్‌కి మార్చారు. అది పేపర్లో చదివి మన హాస్టల్లో ఎంత బాధపడ్డామో మా అమ్మాయికి చెప్పలేదు. అమెరికావాళ్ళు ఆ రౌండ్‌ని 2018లో పూర్తిగా ఎత్తేశారు. ఎత్తేశారనే కమీల్ మళ్ళీ పోటీలవైపు వచ్చిందట.

ఒక స్టాల్ దగ్గర మా అమ్మాయి ఎవరో రీసెర్చ్ స్టూడెంట్‌ని పట్టుకుని తన నురగ కష్టం చెబుతోంది. వెనక నుంచి "మరిగే నీళ్ళు పోశావు కదూ?" అని తెలుగులో వినిపించింది. తిరిగి చూశాను. మన మిస్ ఫ్రెషర్ రా!

గుర్తుందా? 2000లో మనం ఎమ్మెస్సీలో చేరాం. ఆ ఏడాదే లారా దత్తా మిస్ యూనివర్స్, ప్రియాంకా చోప్రా మిస్ వరల్డ్. దేశమంతా కిరీటాల జ్వరం. మన డిపార్ట్‌మెంట్‌లో కూడా ఫ్రెషర్స్ డేకి పోటీ పెట్టి, జరీ కాగితంతో కిరీటం చేసి ఆ అమ్మాయికి పెట్టారు. ఆ మర్నాడే కదా మనిద్దరం ల్యాబ్‌లో ఆమె లాకర్ మీద స్టికర్ అతికించింది. 'మేకప్ రూమ్'.

జుట్టు సగం నెరిసింది. రంగు వేసుకోలేదు. కాటన్ చీర, ముక్కు మీదకి జారిన కళ్ళజోడు. ఈ ఊళ్ళోనే వేరే సంస్థలో ఎంజైముల మీద పనిచేస్తోంది, ఇక్కడికి స్టూడెంట్లతో వచ్చింది. నేలమీద చతికిలబడి మా అమ్మాయికి చెప్పింది: ఈస్ట్‌లో కాటలేజ్ అని ఒక ఎంజైము, ప్రోటీన్ అన్నమాట, మధ్యలో ఇనుము, ఒక్క అణువే సెకనుకి లక్షల పెరాక్సైడ్ అణువులని విరగ్గొడుతుంది. మన ఒంట్లోనూ ఉంది, అందుకే గాయం మీద పెరాక్సైడ్ పోస్తే నురగలొస్తుంది. మరిగే నీళ్ళు పోస్తే ఉడికిన గుడ్డు సంగతే, మళ్ళీ పచ్చిగుడ్డు కాదు. మా పిల్ల కళ్ళు చూడాలి నువ్వు.

అప్పుడు నేనేం చేశానో తెలుసా? పరిచయం చేస్తూ, "ఈ ఆంటీ మా బ్యాచ్ మిస్ ఫ్రెషర్" అన్నాను. 20 ఏళ్ళకు పైగా ఎంజైములతో కుస్తీ పట్టిన మనిషి గురించి నా నోట్లోంచి ముందు ఊడిపడ్డ మాట అది. ఆమె నవ్వింది. "అవునమ్మా, ఒక సాయంత్రం" అంది.

చెట్టు కింద టీ తాగుతూ స్టికర్ మాట ఆమే ఎత్తింది. ఫైనల్ ప్రాక్టికల్స్ రోజు కూడా అది లాకర్ మీద అలాగే ఉందట. వచ్చిన ఎగ్జామినర్ చదివి, "ఏమ్మా, మేకప్ బాగా చేస్తావా?" అన్నాడట, అందరి ముందూ. ఫ్లాస్కులో ద్రావణాన్ని నీళ్ళతో గీత దాకా నింపడాన్ని కూడా మన ల్యాబ్ భాషలో మేకప్ అనే అంటాం కదా. ఈమె మాట్లాడకుండా స్టాండర్డ్ ఫ్లాస్క్ తీసుకుని, డిస్టిల్డ్ వాటర్‌తో గీత దాకా మేకప్ చేసి, లోయర్ మెనిస్కస్, అదే నీళ్ళ పైమట్టం ఒంపు అడుగు, గీతకి ఆనుకున్న ఫ్లాస్కుని ఆయన కళ్ళ ఎత్తున పట్టుకుందట. ఇక్కడి దాకా విని నేను చప్పట్లు కొట్టబోయాను. "ఆగు, అయిపోలేదు" అంది. వైవాలో ఆయన కెమిస్ట్రీ ఒక్కటీ అడగలేదట. హాబీలేంటి, సినిమాల్లో ట్రై చేయలేదా, పెళ్ళెప్పుడు. మార్కులు బాగానే వేశాడు. "నాలుగు రోజులు నిద్రమానేసి కైనెటిక్స్ చదివానయ్యా. ఒక్కటైనా అడిగుంటే బావుండేది" అంది. తిడితే పడేవాణ్ణి. ఆ మాట మాత్రం ఇంకా లోపల గుచ్చుకుంటోంది.

ఇంటికొచ్చి నిద్ర పట్టక అవీ ఇవీ చదివాను. 1966లో మిస్ వరల్డ్ అయిన రీటా ఫారియా, ఆసియా మొత్తంలో మొదటామె, అప్పుడు బొంబాయి గ్రాంట్ మెడికల్ కాలేజీ స్టూడెంట్. ఏడాది కిరీటం ముచ్చట తీరగానే సినిమాలూ వద్దు, ఏమీ వద్దని వెళ్ళి డాక్టరు చదువు పూర్తిచేసింది. మన బెజవాడ మూలాలున్న నీనా దావులూరి 2013లో మిస్ అమెరికా 2014 అయినప్పుడు నువ్వూ నేనూ ఫోన్లో ఎగిరి గంతేశాం. మెదడు, ప్రవర్తనల మీద డిగ్రీ చేసిందని ఒక్కసారైనా అనుకున్నామా? ఆ రాత్రి అమెరికాలో ఆమె రంగు చూసి తిట్టినవాళ్ళని మనం తిట్టాం. ఇక్కడైతే ఆ రంగుకి కిరీటం వచ్చేదా అని కూడా అనుకోలేదు. 2023 మిస్ అమెరికా గ్రేస్ స్టాంకీ చదివింది న్యూక్లియర్ ఇంజనీరింగ్.

నాకు పోటీలంటే ఇప్పటికీ గిట్టవు. మా అమ్మాయి వెళ్తానంటే వద్దనే అంటాను. కానీ కమీల్ కిరీటం పెట్టుకుని తిరిగి చెప్పింది మందులు జాగ్రత్తగా వాడమని. కోవిడ్ వల్ల పోటీ ఆగి రెండేళ్ళు ఆమే మిస్ అమెరికా. రోజూ మందులు టెస్ట్ చేసే నా మాట మా అపార్ట్‌మెంట్‌లోనే ఎవరూ వినరు. కాబట్టి ఆ కిరీటాన్ని ఏమనాలో నాకు తేలడం లేదు.

ఈ పొద్దున గోరువెచ్చటి నీళ్ళతో మళ్ళీ చేశాం. సీసా మూతి నుంచి నురగ లావుగా, మెల్లగా, పేస్టు పిండినట్టే బయటికొచ్చి, గ్రానైట్ గట్టు మీదుగా పాకి స్టవ్ బర్నర్లో దూరింది. మీ చెల్లెమ్మ ఇంకా తుడుస్తోంది. శుక్రవారం ఎగ్జిబిషన్. చార్టు మీద కమీల్ ఫోటో పెట్టి, కింద కాటలేజ్ బొమ్మ ఆంటీకి వాట్సాప్ చేసి దిద్దించుకుంది.

ఇక చేతిరాత సంగతి. ఆ స్టికర్ రాసిందెవరని అడిగింది. నేనే అన్నాను. "అంత గుండ్రటి అక్షరాలు నీవి కావులే" అంది. మార్కర్ కొన్నది నేను, రాసింది నువ్వు. నీ నంబర్ కావాలంది. ఇవ్వనా?

నీ
శీను