ఆవాలు మావి, కొలజాడీలు బీరువావి

సంపాదకులు గారికి నమస్కారం.

మొన్న గురువారం మా అమ్మాయి బడికి వెళ్తూ ఆవాల డబ్బా మొత్తం పట్టుకుపోయింది. ఇంకో సంచిలో జంతికలు, గుప్పెడు మరమరాలు, బెల్లం ముక్క. చదివేది బొబ్బిలి దగ్గర ఒక ప్రభుత్వ హైస్కూల్లో, ఎనిమిదో తరగతి. సాయంత్రం అడిగితే, సైన్సు టీచరు చిరుతిళ్ల సాంద్రత కొలిపించారని చెప్పింది.

ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగిస్తే సాంద్రత అని మేమూ బట్టీ పట్టాం, అంతవరకే. రాయి అయితే నీళ్లలో వేసి నీళ్లు ఎంత లేచాయో చూస్తే సరిపోతుంది. బెల్లం కరిగిపోతుంది, మరమరాలు తేలడమే కాక నీళ్లు పీల్చేస్తాయి, అందుకని ఆవాలు. గ్లాసు నిండా పోసి, స్కేలుతో పైన సమంగా గీసి, పళ్లెంలోకి ఒంపేసి, ఖాళీ గ్లాసులో జంతికలు పెట్టి మళ్లీ అవే ఆవాలు అంచు దాకా పోస్తే, పళ్లెంలో మిగిలిన ఆవాలు ఎంత చోటు పడతాయో అదే జంతికల ఘనపరిమాణం. రొట్టెలు, కేకుల సైజు కొలవడానికి ల్యాబుల్లో వాడే పద్ధతీ ఇలాంటిదే, అక్కడా గింజలే పోస్తారు.

బెల్లం 60 గ్రాములకి 42 మిల్లీలీటర్ల ఆవాలు మిగిలాయి, అంటే మిల్లీలీటరుకి 1.4 గ్రాముల పైనే. జంతికలు 30 గ్రాములకి 54 వచ్చింది, దాదాపు 0.56 అన్నమాట. అప్పుడొక పిల్ల లేచి, చుట్ల సందుల్లోకి ఆవాలు దూరాయి గానీ లోపలి బుడగల్లోకి దూరలేదు కదా, ఆ గాలి కూడా జంతికేనా అని అడిగిందట. నాకైతే ఈ ప్రశ్న తట్టేది కాదు, తట్టినా అడిగేవాణ్ని కాదు. టీచరు ఒక జంతికని మెత్తగా పొడి చేసి నూనెలో పోసి చూపిస్తే అంకె 1 దాటిందట! ఇదంతా విని మా అమ్మ, "సోలెడు బియ్యం, సోలెడు మరమరాలు ఒక్క తూకమవుతాయేటి, దానికి బడికెల్లాలా?" అంది.

ఇంతకీ నేను రాస్తున్నది ఎందుకంటే, పిల్లలు తూచింది పక్కనున్న కిరాణా కొట్టు కాటాతో, మిల్లీలీటర్లు కొలిచింది దగ్గు మందు సీసా మూతతో. పది పది చొప్పున, మూతలు మూతలుగా. అదే బడిలో కొలజాడీలున్నాయి, త్రాసుంది, బీరువాలో తాళం వేసి. పగిలితే స్టాకు రిజిస్టరులో ఎవరు జవాబు చెప్పాలన్న భయం. టీచర్లను తప్పు పట్టను, తనిఖీకి వచ్చినవాళ్లు వస్తువులు లెక్కపెడతారు గానీ, చివరిసారి వాటితో ప్రయోగం ఎప్పుడు చేశారని అడగరు. ఇక ఫిబ్రవరి 28న సైన్స్ డే అంటే థర్మోకోల్ అగ్నిపర్వతాలు, అవి కూడా తల్లిదండ్రులు చేసినవే.

జిల్లా విద్యాశాఖ వారిని అడిగేది పెద్దదేం కాదు. పాఠం చెబుతూ పగిలిన గాజుకి టీచరు సంజాయిషీ ఇవ్వనక్కర్లేదని ఒక కాగితం రాసి పంపండి. లేదా గాజు బదులు ప్లాస్టిక్ కొలజాడీలు, ఒక ఎలక్ట్రానిక్ కాటా ఇప్పించండి.

మా ఆవాల డబ్బా ఇంకా ఇంటికి రాలేదు. సోమవారం మధ్యాహ్న భోజనంలో ఇచ్చే చిక్కీ కొలుస్తారట, తినకుండా మిగిలితే.

– ఒక విద్యార్థిని తండ్రి, బొబ్బిలి మండలం, విజయనగరం జిల్లా