ఆగస్టు 15 సాయంత్రం మన ఊళ్ళో ఏం జరుగుతోంది?

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో అమెరికా స్వాతంత్ర్య దినం జూలై 4 ఫొటో వేశారు, న్యూయార్క్‌లో నది మీద బాణసంచా, కింద ‘ఘనంగా జరుపుకున్నారు’ అని రెండు లైన్లు. ఫొటో బాగుందండీ కాదన్ను, కానీ అసలు సంగతి ఆ రెండు లైన్లలో రాలేదు, అందుకే ఈ ఉత్తరం. మాది తెనాలి, శానిటరీ ఇన్స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యా, ప్రస్తుతం న్యూజెర్సీలో మా అమ్మాయి దగ్గర ఉన్నా. ఇక్కడ ఒక చిన్న టౌన్‌షిప్ పార్కులో ఆ రోజు నేను చూసింది, మన మున్సిపాలిటీల వాళ్ళు చదవాలని రాస్తున్నా.

సాయంత్రం ఐదింటికే జనం రావడం మొదలైంది. బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నట్టు ఇక్కడ గడ్డి మీద దుప్పటి పరిచేసి వెళ్ళిపోతారు, ఎవరూ దాన్ని జరపరు. ఇక్కడ జూలైలో ఎనిమిదిన్నర దాకా పొద్దు కుంకదు కాబట్టి చీకటి పడేదాకా తినడం, కబుర్లు, పిల్లల పరుగులు. ఒక పక్క హాట్‌డాగ్‌లు కాలుస్తున్నారు, మావాళ్ళు అల్యూమినియం ట్రేల్లో పులిహోర, పెరుగన్నం తెచ్చారు, పక్క దుప్పటి మీది నల్లజాతి కుటుంబం వాళ్ళు పుచ్చకాయ ముక్కలు ఇచ్చి పులిహోర పెట్టించుకున్నారు, అందులో ఎండుమిర్చి కొరికిన కుర్రాడి అవస్థ చూసి రెండు కుటుంబాలూ ఒకటే నవ్వు. మేయర్ మాట్లాడింది ఐదు నిమిషాలు కూడా ఉండదు. సైన్యంలో పనిచేసినవాళ్ళు లేచి నిలబడండి అంటే అక్కడక్కడ ముసలాళ్ళు లేచారు, అందరూ చప్పట్లు కొట్టారు, అంతే. స్టేజీ మీద సోఫాల్లేవు, శాలువాల్లేవు, ముఖ్య అతిథి కోసం ఎండలో నిలబడ్డ స్కూలు పిల్లలూ లేరు.

నా పాత జబ్బు కొద్దీ నేను చూసింది వేరే. వరసగా తాత్కాలిక టాయిలెట్లు, ఆడవాళ్ళు ఇబ్బంది పడక్కర్లేకుండా. నాలుగడుగులకో చెత్త డ్రమ్ము, అందులో కవర్ నిండితే వెంటనే మార్చడానికి ఇంకో కవర్ అడుగునే మడిచి పెట్టి ఉంది. ఇంత చిన్న తెలివి మనకి రాలేదేంటా అనిపించింది. బాణసంచా కాల్చే చోటుకి దూరంగా తాడు కట్టి ఫైరింజన్ పక్కనే నిలబెట్టారు. ఆకాశంలోకి పోయే గుండు సైజు ఒక్కో అంగుళానికి 70 అడుగుల చొప్పున జనం దూరంగా ఉండాలని ఇక్కడ వాడే రూలు, అంటే ఆరంగుళాల గుండు అయితే 420 అడుగులు. లైసెన్సు ఉన్నవాళ్ళే కాలుస్తారు. తొమ్మిది దాటాక మొదలుపెట్టి ఇరవై నిమిషాల్లో ముగించారు, ఊరంతా ఒకే షో, అందరూ ఒకేచోట పైకి చూస్తూ కూర్చున్నారు.

అలాగని అంతా సవ్యంగా ఉందని కాదు. న్యూజెర్సీలో 2017 నుంచి కాకరపువ్వొత్తులు, నేల మీద కాల్చేవి మాత్రమే సొంతంగా కాల్చుకోవచ్చు, పైకెగిరేవి నిషేధం, కానీ పక్కనే పెన్సిల్వేనియా ఉందిగా, అక్కణ్ణించి తెచ్చుకుని అర్ధరాత్రి దాకా మా వీధిలో మోత మోగించారు. అమ్మాయి వాళ్ళ కుక్క మంచం కింద నుంచి రాలేదు.

ఈ బయట కూడటం, దీపాలు, బాణసంచా నిన్నా మొన్నా వచ్చింది కాదు. 1776 జూలై 2న ఇక్కడి నాయకులు స్వాతంత్ర్యానికి ఓటేశారు, మర్నాడు వాళ్ళలో ఒకడు, తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడైన జాన్ ఆడమ్స్ తన భార్యకి రాసిన ఉత్తరంలో ఈ రోజుని ఊరేగింపులతో, ఆటలతో, తుపాకులు, గంటల మోతతో, మంటలు, దీపాల వెలుగుతో దేశం ఈ చివర నుంచి ఆ చివరకి జరుపుకోవాలన్నాడు. ఆయన అనుకున్నది జూలై 2, జనం పట్టుకున్నది ప్రకటన ఆమోదించిన జూలై 4. మరుసటి ఏడాది 1777లోనే ఫిలడెల్ఫియాలో బాణసంచా కాల్చారు. అందరి పండగా అంటే అప్పట్లో కానే కాదు, బానిసగా పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ 1852 జూలై 5న రోచెస్టర్‌లో బానిసకి మీ జూలై 4 ఏమవుతుందని మొహం మీదే అడిగాడు. మన తెలుగువాళ్ళు ఈ సెలవులు కలిసొస్తాయని పెద్ద సభలు చాలాసార్లు అప్పుడే పెట్టుకుంటారు, 2025లో అయితే ఇక్కడి తెలుగు సంఘాలు తానా సభలు నోవైలో, నాట్స్ సభలు టాంపాలో ఒకేసారి జరిగాయి. సెలవు దొరికేది అప్పుడే, అర్థం చేసుకోగలను, కానీ ఊరంతా పార్కుల్లో ఉంటే మనం ఏసీ హాల్లో ఉండటం నాకెందుకో నచ్చలేదు.

ఇక మన సంగతి. ఆగస్టు 15 పొద్దున ఏడింటికే బ్లీచింగ్ పౌడర్ గీతలు గీయించడం నా సర్వీసంతా చేశా. జెండా విప్పగానే పూలు రాలతాయి, ప్రసంగం, చాక్లెట్టో బూందీ పొట్లమో, పదింటికల్లా గ్రౌండు ఖాళీ. తర్వాత టీవీ, నిద్ర. సాయంత్రానికి అది స్వాతంత్ర్య దినమని గుర్తుచేసేది మూసిన వైన్ షాపు ఒక్కటే. తెనాలిలో 1942 ఆగస్టు 12న క్విట్ ఇండియా ఉద్యమంలో పోలీసు కాల్పుల్లో ఏడుగురు చనిపోయారు, అక్కడే రణరంగ చౌక్ ఉంది, ఏటా దండలు వేస్తారు. ఆ 12కీ ఈ 15కీ మధ్య మూడు రోజులేగా. 15 సాయంత్రం స్కూలు బ్యాండుతో అక్కణ్ణించి ఏదన్నా కాలేజీ గ్రౌండుకి నడిచి, ఎవరి చాప వాళ్ళు, ఎవరి టిఫిన్ వాళ్ళు తెచ్చుకుని కూర్చుంటే ఎంత బాగుంటుంది? ఆ ఏడుగురి కథ ఎవరైనా పది నిమిషాలు చెప్పి, ఆఖర్లో పదిహేను నిమిషాలు బాణసంచా, ఫైర్ స్టేషన్ వాళ్ళ కంట్రోల్లో, ఒకే చోట. ఇది కుదిరితే దీపావళికీ అలా ఊరికో షో పెట్టొచ్చు, పిల్లల చేతులు కాలడం కొంతైనా తగ్గుతుంది.

వానొస్తుందంటారు, నిజమే, ఆగస్టు కదా. వస్తే మర్నాటికి మార్చుకోండి, ఇక్కడా ఉరుములొస్తే మారుస్తున్నారు. డబ్బులంటారా, ఇక్కడ కొంత టౌన్‌షిప్ పెడితే కొంత షాపులవాళ్ళు ఇస్తారు. మన దగ్గర ఆ రోజు శుభాకాంక్షల ఫ్లెక్సీలకి పెట్టే ఖర్చు ఒక్క ఏడాది ఆపితే చాలనుకుంటా, ఆ ఫ్లెక్సీలు పీకే పని కూడా మా డిపార్ట్‌మెంట్‌కి తప్పుతుంది. చాలా ఆసుపత్రులున్న ఊరు కాబట్టి మోత ఎక్కువున్నవి వద్దు, రంగులవి చాలు.

ఆగస్టు మొదటి వారంలో తెనాలి వచ్చేస్తున్నా. డ్రమ్ములు ఎన్ని, టాయిలెట్లు ఎక్కడ అన్న లెక్క నేనే వేసిస్తా, జీతం అడగను. ఈ ఉత్తరం మెయిన్ పేజీలో అక్కర్లేదండీ, గుంటూరు జిల్లా ఎడిషన్లో వేయండి చాలు, కటింగ్ పట్టుకుని మున్సిపల్ ఆఫీసుకి నేనే వెళ్తా.

– రిటైర్డ్ శానిటరీ ఇన్స్పెక్టర్, తెనాలి (ప్రస్తుతం న్యూజెర్సీ)