పలకా కాలిక్యులేటరూ ఒకే అట్టలో

తల్లిదండ్రులకు నమస్కారం.

బడి తెరిచి పది రోజులు కాలేదు, ఇప్పటికే ఆరుగురు నన్ను ఒకే మాట అడిగారు. ఫోన్ తీసి ఒక బొమ్మ చూపిస్తారు. మడిచి ఉంచితే చిన్న డైరీలా ఉంటుంది. తెరిస్తే ఒకవైపు సైంటిఫిక్ కాలిక్యులేటర్, ఇంకోవైపు నల్లటి రాత పలక, అంచున గుచ్చి పెట్టిన ప్లాస్టిక్ పుల్ల. "మేడం, మావాడు తొమ్మిదికొచ్చాడు కదా, ఇది కొనమంటారా? నాలుగొందల చిల్లరే." ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఈ నెల వార్తాలేఖంతా దీనికే కేటాయిస్తున్నాను. యూనిఫాం కొలతలు, బస్సు టైములు నోటీసు బోర్డులో పెట్టించాను, అక్కడ చూసుకోండి.

జవాబు ముందే చెప్పేస్తాను. పదో తరగతి పూర్తికాని పిల్లలకు ఇది కొనొద్దు. పది పాసై పాలిటెక్నిక్‌లో చేరబోయేవాళ్లు, ఇంజినీరింగ్‌కి వెళ్లేవాళ్లు ఇంట్లో ఉంటే కాలిక్యులేటర్ కొనండి, కానీ పలక లేనిది కొనండి. తొందరలో ఉన్నవాళ్లు ఇక్కడితో ఆపేయొచ్చు.

మార్కాపురం వాళ్లకి పలక గురించి నేను చెప్పడమంటే తాతకు దగ్గులు నేర్పడమే. ఈ నేలలోంచి తీసిన రాయితో చేసిన పలకల మీద ఎన్ని ఊళ్ల పిల్లలు ఓనమాలు దిద్దారో లెక్క లేదు. మా చిన్నప్పుడు పలకకి చెక్క చట్రం ఉండేది. ఆదివారం వచ్చిందంటే దొండాకూ బొగ్గూ కలిపి నూరి రుద్దేవాళ్లం, ఆరేసరికి నల్లగా నిగనిగలాడేది. మా పంతులుగారికి ఒక పట్టుదల ఉండేది. ఆయన వచ్చి చూసి, సున్నా చుట్టో టిక్కు పెట్టో ముందుకు కదిలేదాకా పలక చెరపకూడదు. చెరిపినవాడికి లెక్క తప్పినవాడికంటే ఎక్కువ చీవాట్లు పడేవి. అదెందుకో నేను టీచరునయ్యాక కానీ అర్థం కాలేదు.

ఈ కొత్త పలక పనిచేసే తీరు మాత్రం ముచ్చటైనదే, సైన్సు చెప్పేవాళ్లం కాబట్టి అది చెప్పకుండా ఉండలేను. 1888లో ప్రాగ్ నగరంలో ఫ్రెడ్రిక్ రైనిట్జర్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టరాల్‌కి సంబంధించిన ఒక పదార్థాన్ని వేడి చేస్తున్నాడు. అది 145.5 డిగ్రీల దగ్గర కరిగి మసక మసకగా తయారైంది. ఇంకా వేడి చేస్తే 178.5 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా తేటపడింది. ఒకే పదార్థం రెండుసార్లు కరగడమేమిటని ఆయన ఆశ్చర్యపోయాడు. ఆ మధ్యలోని మసక స్థితినే ఇప్పుడు మనం ద్రవ స్ఫటికం అంటున్నాం. ఎల్‌సీడీ అన్నప్పుడు మొదటి రెండక్షరాలూ (లిక్విడ్ క్రిస్టల్) అవే. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని కెంట్ ఊళ్లో ఈ ద్రవ స్ఫటికాల మీద చాలా ఏళ్లు పనిచేసినవాళ్లు 2010లో బూగీ బోర్డ్ పేరుతో రాత పలకను బజారులోకి తెచ్చారు. మన పిల్లల చేతుల్లో తిరుగుతున్న రంగురంగుల పలకలన్నీ ఆ దారిలో వచ్చినవే.

రెండు పల్చటి ప్లాస్టిక్ పొరల మధ్య ఆ ద్రవ స్ఫటికం ఉంటుంది. వెనకాల నల్లటి పూత. పుల్లతో నొక్కిన చోట స్ఫటికాలు వరుసలోకి సర్దుకుని పచ్చటి వెలుగును వెనక్కి పంపుతాయి, అదే మనకు గీతలా కనిపిస్తుంది. గీత నిలవడానికి కరెంటు అక్కర్లేదు. బ్యాటరీ పని మీట నొక్కినప్పుడు చెరపడం వరకే, అందుకే నాణెమంత బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. ఇందులో ఉన్న చిక్కు కూడా అదే మీట. ఒక్క అంకె తప్పు పడితే ఆ ఒక్క అంకెనే చెరపడం ఈ చవక పలకల్లో కుదరదు. నొక్కితే మొత్తం పోతుంది.

పోయిన వేసవిలో మా వీధిలోని అమ్మాయి ఒకతె, పదో తరగతికి రాబోతోంది, ఇలాంటిదే పట్టుకుని మా ఇంటికి లెక్కలు చేసుకోవడానికి వచ్చేది. ఒకరోజు ఎత్తులు, దూరాల లెక్క. గోపురం పాదం నుంచి 15 మీటర్ల దూరంలో నిలబడి చూస్తే కొస 30 డిగ్రీల కోణంలో కనిపిస్తుంది, ఎత్తెంత? నోటుబుక్కులో 96 మీటర్లని రాసింది. పదిహేను మీటర్ల దూరంలో నిలబడి, తల కాస్త ఎత్తితే చాలు కొస కనబడే గోపురం తొంభై ఆరు మీటర్లా! మన చెన్నకేశవస్వామి గుడి ముందు నిలబడి చూసినా ఈ లెక్క కుదరదని తెలుస్తుంది.

"ఎలా చేశావో చూపించమ్మా" అన్నాను.

"పలక మీద చేశా మేడం, చెరిపేశా."

మళ్లీ చేయించాను. అప్పుడు బయటపడింది. ట్యాన్ 30 కొడితే మైనస్ 6.405 వచ్చింది, 15 పెట్టి గుణిస్తే మైనస్ 96.08. "ఎత్తుకి మైనస్ ఉండదు కదా మేడం, అందుకని తీసేశా" అంది. నవ్వొచ్చింది కానీ, ఆ పిల్ల ఆలోచించింది. ఫలితం మీద అనుమానం వచ్చింది, దాన్ని తనకు తోచినట్టు సర్దింది. అసలు తప్పు కాలిక్యులేటర్ నెత్తిన ఉన్న చిన్న ఆర్ అక్షరంలో ఉంది. అది డిగ్రీల్లో కాకుండా, కోణానికి ఇంకో కొలత అయిన రేడియన్లలో లెక్క వేస్తోంది. డి ఉండాల్సిన చోట ఆర్ ఉంది, అంతే. సరైన జవాబు 15ను √3తో భాగిస్తే వచ్చే 8.66 మీటర్లు. మన పాఠ్యపుస్తకం √3ను 1.732గా తీసుకోమంటుంది, దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

అదే పని కాగితం మీద చేసి ఉంటే ఆ మైనస్ గుర్తు, దాన్ని కొట్టేసిన గీత రెండూ నా కంటపడేవి, అర నిమిషంలో విషయం తేలిపోయేది. మా పంతులుగారు పలక చెరపనివ్వకపోవడానికి కారణం ఇదే. టీచరుకు కావలసింది పిల్లవాడి జవాబు కాదు, వాడు దారి ఎక్కడ తప్పాడన్నది. పబ్లిక్ పరీక్షలో స్టెప్పులకు మార్కులున్నది కూడా అందుకే. చివరి జవాబు తప్పినా సూత్రం రాసి విలువలు ప్రతిక్షేపించిన పిల్లవాడికి ఎంతో కొంత దక్కుతుంది. స్టెప్పులన్నీ పలక మీద వేసి జవాబు మాత్రం పేపర్లోకి ఎక్కించే అలవాటు పడితే, ఆ మార్కులు మనమే వదిలేసుకున్నట్టు. రఫ్ వర్కు పాత నోటుబుక్కుల వెనక పేజీల్లో చేయించండి. దానికి పైసా ఖర్చు లేదు.

ఇక పరీక్షల సంగతి. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లోకి కాలిక్యులేటర్ రానివ్వరు. ఇంటర్ పరీక్షల్లోనూ అంతే. పాలిసెట్, ఈఏపీసెట్, జేఈఈ మెయిన్, నీట్, వీటిలో దేనికీ చేతిలో కాలిక్యులేటర్ ఉండదు. ఇంజినీరింగ్ అయ్యాక రాసే గేట్‌లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ కంప్యూటర్ తెర మీదే ఇస్తారు, సొంతది తీసుకెళ్లనివ్వరు. అంటే మన బడి పిల్లవాడు ఇప్పటి నుంచి ఇంటర్ అయ్యేదాకా ఒక్క పెద్ద పరీక్షలో కూడా దీన్ని ముట్టుకోడు. ముట్టుకోని వస్తువు మీద వేళ్లకు అలవాటు పడితే, పరీక్ష హాల్లో 17×13 దగ్గర టెన్షన్ మొదలవుతుంది. నేను చూసిన టెన్షన్లలో సగం ఎక్కాల దగ్గర పుట్టినవే.

పాలిటెక్నిక్, బీటెక్ వేరు. అక్కడ సైంటిఫిక్ కాలిక్యులేటర్ లేకుండా సర్వేయింగ్ లెక్క గానీ సర్క్యూట్ లెక్క గానీ ముందుకు సాగదు, పరీక్షలోకీ రానిస్తారు. షరతేమిటంటే ప్రోగ్రామ్ చేయడానికి వీల్లేనిది అయ్యుండాలి. పలక ఉన్నదాన్ని ఇన్విజిలేటర్ ఎలా చూస్తాడో ఆలోచించండి. కరెంటు లేకుండానే గీత నిలుస్తుందని ఇందాక చెప్పాను. ఇంట్లో సూత్రాలు రాసుకుని మడిచి జేబులో పెట్టుకుంటే హాల్లో తెరిచేదాకా అవి చెక్కుచెదరవు. అంటే అది చీటీతో సమానం. మీ పిల్లవాడు ఏమీ రాసుకోకపోయినా అనుమానంతో పక్కన పెట్టిస్తే, ఆ మూడు గంటలూ వాడు చేతివేళ్లు లెక్కపెట్టుకోవాలి. నేను ఇన్విజిలేటర్‌గా ఉన్నా పక్కన పెట్టించేదాన్నే.

బయటి దేశాల్లో ఉన్న చుట్టాలు చెప్పే మాట ఒకటి ఉంది, "అక్కడ పిల్లలందరి దగ్గరా కాలిక్యులేటర్ ఉంటుంది" అని. నిజమే. ఇంగ్లాండులో పదహారేళ్లకు రాసే జీసీఎస్ఈ లెక్కల్లో మూడు పేపర్లుంటే రెండింటికి కాలిక్యులేటర్ ఒప్పుకుంటారు. మిగతా ఒక్క పేపరు మాత్రం ఉత్త చేతులతోనే రాయాలి, ఆ సంగతి చుట్టాలు చెప్పరు. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ ఇప్పుడు కంప్యూటర్ మీదే కాబట్టి గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ అందులోనే ఉంటుంది. వాళ్ల ప్రశ్నలు దానికి తగ్గట్టు తయారవుతాయి, మనవి కావు. మేనమామ డల్లాస్ నుంచి పంపాడని ఇక్కడి తొమ్మిదో తరగతికి అది పనికిరాదు.

సరే, కొనాల్సినవాళ్లు ఎలా కొనాలి? పెట్టె మీద 240 ఫంక్షన్లు, 417 ఫంక్షన్లు అని రాసి ఉంటుంది. ఆ అంకె చూసి కొనకండి, డిప్లొమా పిల్లవాడికి రోజూ అవసరమయ్యేవి పాతిక దాటవు. షాపులో నిలబడి, సిగ్గుపడకుండా ఈ నాలుగూ కొట్టి చూడండి. 2+3×4 కొడితే 14 రావాలి. 20 వచ్చిందంటే అది కిరాణా కొట్టు కాలిక్యులేటరే, పైన సైన్ మీటలు అతికించారు. తర్వాత సైన్ 30. 0.5 రావాలి. మైనస్ 0.988 వస్తే ఇందాకటి ఆర్ కథే, మోడ్ మార్చమనండి. 0.454 వస్తే జీ అక్షరం ఉంటుంది, అది గ్రేడియన్లు అనే ఇంకో కోణం కొలత, మన పిల్లలకు దాంతో పనే లేదు. ఈ పరీక్షలోనే ఇంకొకటి గమనించండి. ముందు సైన్ నొక్కి తర్వాత 30 కొట్టనిస్తోందా, లేక 30 కొట్టాకే సైన్ నొక్కాలా? పలకతో వచ్చే చవక రకాల్లో కొన్ని ఈ రెండో పాత పద్ధతివి. పుస్తకంలో రాసిన వరుసకీ వేళ్లు నొక్కే వరుసకీ పొంతన లేకపోతే పిల్లలు తికమకపడతారు.

మూడోది, 1÷3 కొట్టి, వచ్చినదాన్ని 3తో గుణించండి. మళ్లీ 1 రావాలి. 0.999999999 వస్తే అది తెర మీద కనిపించే అంకెల వరకే లెక్క పెట్టుకుంటోందన్నమాట. మంచిది లోపల ఇంకొన్ని అంకెలు దాచుకుంటుంది. నాలుగోది నాకిష్టమైనది. 69 పక్కన ఆశ్చర్యార్థకం, అంటే 69 ఫ్యాక్టోరియల్ (1 నుంచి 69 దాకా అంకెలన్నీ గుణిస్తే వచ్చేది), 1.711 పక్కన పది ఘాతం 98 చూపిస్తుంది. 70 ఫ్యాక్టోరియల్ అడగండి, ఎర్రర్ అంటుంది. ఇది లోపం కాదు. పది ఘాతం 99 దాటితే దాని తెర మీద చోటు లేదు, అంతే. షాపువాడు మీ వంక వింతగా చూస్తాడు, చూడనివ్వండి.

మనం కొట్టిన లెక్క పై వరుసలో, జవాబు కింది వరుసలో కనిపించే రెండు వరుసల తెర ఉన్నదే తీసుకోండి. తప్పు ఎక్కడ కొట్టామో కనబడుతుంది, పలక కన్నా ఇది వెయ్యి రెట్లు ఉపయోగం. కాసియో పేరుతో నకిలీలు కూడా తిరుగుతున్నాయి కాబట్టి బిల్లు ఇచ్చే షాపులోనే కొనండి. ఇంకో మాట, కాలేజీలో చేరకముందే కొనకండి. మొదటి వారంలో లెక్చరర్ ఏ మోడల్ చెబితే అదే కొంటే క్లాసులో అందరికీ ఒకే మీటలుంటాయి, పక్కవాడిని అడిగి నేర్చుకోవచ్చు.

ఇప్పటికే కొనేసినవాళ్లు బాధపడక్కర్లేదు, పారేయనూ వద్దు. ఒకటో తరగతి, రెండో తరగతి చదివే తమ్ముడో చెల్లెలో ఉంటే ఆ పలక మీద ఎక్కాలు, గుణింతాలు రాయించండి. చెరపడం సులువు, సుద్దపొడి ఉండదు, వాళ్ల వయసుకు అది చక్కటి ఆట. అయితే ఒక జాగ్రత్త గట్టిగా చెబుతున్నాను. వెనక బ్యాటరీ మూతకు స్క్రూ ఉందో లేదో ఈ రోజే చూడండి. వేలితో జరిపితే ఊడొచ్చే మూత అయితే బ్యాటరీ తీసి ఎత్తైన చోట పెట్టేయండి. ఆ నాణెం బ్యాటరీని పసిపిల్లలు మింగితే అన్నవాహికలో ఇరుక్కుని రెండు గంటల్లోనే లోపల కాలిన గాయం చేస్తుంది. మింగాడన్న అనుమానం వచ్చినా సరే, వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి. విరేచనంలో పోతుందిలే అని ఆగొద్దు.

బడిలో మా ఏర్పాటు ఇది. ఎనిమిదో తరగతి వరకు సంచిలో కాలిక్యులేటర్ కనబడితే సాయంత్రం మీ చేతికే ఇస్తాం. తొమ్మిది, పది పిల్లలకు లెక్కల గదిలో కొన్ని మామూలు సైంటిఫిక్ కాలిక్యులేటర్లున్నాయి. లెక్క కాగితం మీద చేశాక, జవాబు సరిచూసుకోవడానికి మాత్రం ఇస్తాం. లెక్కలు, అంకెలు పట్టుకోవడంలో నిజంగా ఇబ్బందిపడే పిల్లలుంటే వాళ్ల విషయం పూర్తిగా వేరు. ఈ లేఖ వాళ్లకు వర్తించదు, దయచేసి నేరుగా వచ్చి నాతో మాట్లాడండి.

వచ్చే రెండో శనివారం ఉదయం పదింటి నుంచి పన్నెండు దాకా లెక్కల గది తెరిచి ఉంచుతాను. కొన్నవాళ్లు కొన్నది పట్టుకురండి, ఆ నాలుగు పరీక్షలూ కలిసి చేద్దాం. స్క్రూడ్రైవర్ నేను తెస్తాను.

మీ
ప్రధానోపాధ్యాయురాలు